తెల్లబట్టకి మళ్లీ స్వాబ్ పరీక్ష రాశారు, చేయించుకోవాలా?

ప్రశ్న: అక్కా, నాకు 34 ఏళ్లు. మాది టంగుటూరు దగ్గర పల్లె. ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయిపోయింది. సీజన్లో పొగాకు గ్రేడింగుకి పోతాను. ఏడాది నుంచి తెల్లబట్ట అవుతోంది. మా ఊళ్లో ఆర్‌ఎంపీ మూడుసార్లు మందులిచ్చాడు. వాడినన్నాళ్లూ తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మామూలే. నీచు వాసన, ముట్టు అయిపోయాక మరీ ఎక్కువ. నెల కిందట ఒంగోల్లో ఒక ల్యాబులో కల్చర్ చేయిస్తే ఈ.కోలై ఉందన్నారు, రిపోర్టులో పస్ సెల్స్ 6-8, ఎపిథీలియల్ సెల్స్ ప్లెంటీ అని, ఒక మందుల పట్టిక కూడా ఉంది. ఆ ఈ.కోలైకని ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగాను. వాసన పోలేదు సరికదా ఇప్పుడు దురద పట్టుకుంది, రాత్రిళ్లు నిద్ర లేదు. నెల్లూరు పొగతోటలో మా అక్క వాళ్లు చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి పోతే మందు ఇవ్వకుండా మళ్లీ స్వాబ్ రాసింది. చేసిన పరీక్షే మళ్లీ ఎందుకు? అది కేన్సర్ పరీక్ష అని పక్కింటామె అంటోంది. నడుము లాగేస్తోందంటే మా అత్తేమో వేడి చేసింది, ఎముకలు కరిగిపోతున్నాయి అంటుంది. నొప్పిగా ఉంటుందా? ఇది మా ఆయన వల్ల వచ్చిందా? అడగాలంటే భయంగా ఉంది.

సమాధానం: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. నేను మందులు రాసే డాక్టర్ని కాదు. ల్యాబులో మైక్రోస్కోప్ ముందు కూర్చునే మైక్రోబయాలజీ డాక్టర్ని, నెల్లూరులో చాలా ఏళ్లుగా ఇదే పని. కాబట్టి ఏ మాత్ర వేసుకోవాలో నేను చెప్పను, అది ఆ డాక్టరమ్మ పని. ఆమె మందు రాయకుండా పరీక్ష రాసిందని నీకు కోపం వచ్చినట్టుంది గానీ, ఈ ఏడాదిలో నీ విషయంలో ఎవరైనా సరిగ్గా చేసిన మొదటి పని అదే. చేయించుకో.

ముందు ఆ భయాలు పక్కన పెడదాం. ఇది కేన్సర్ పరీక్ష కాదు. మీ పక్కింటామె అనుకుంటున్నది పాప్ స్మియర్ గురించి, అందులో గర్భాశయ ముఖద్వారం మీద కణాలు గీకి తీసి వాటిలో ఏమైనా మార్పు మొదలైందా అని చూస్తారు. రెండింటికీ అదే బల్ల మీద పడుకోబెడతారు, అదే పరికరం పెడతారు, అందుకని చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. నీ వయసుకి పాప్ స్మియర్ కూడా ఒకసారి చేయించుకోవాల్సిందే, కానీ ముందు ఈ ఇన్ఫెక్షన్ సంగతి తేలనీ. ఇక ఎముకలు కరగడం అంటావా, నా సర్వీసులో కొన్ని వేల స్లైడ్లు చూసి ఉంటాను, ఒక్కదాంట్లో కూడా ఎముక కనపడలేదు. కొంచెం నీరు, జిగురు, లోపలి పొర నుంచి రాలిన కణాలు, బాక్టీరియా, అంతే. నడుము లాగేస్తోంది అంటే పొద్దస్తమానం వంగి కూర్చుని ఆకు ఏరడం కూడా ఒక కారణం కావచ్చు కదా. అత్తతో వాదించొద్దులే, చలవకి మజ్జిగ తాగమంటే తాగు, దానివల్ల నష్టమేమీ లేదు.

అసలు తడి అంతా జబ్బు కాదు. ముట్టుకి ముట్టుకి మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే స్రావం ఆడవాళ్లందరికీ ఉంటుంది, కడుపుతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. వాసన, దురద, మంట, రంగు మారడం, ఇవి తోడైతేనే ఆలోచించాలి. నీకు రెండు తోడయ్యాయి.

యోని లోపల ఏముంటుందో ఒక్క నిమిషం చెబుతాను, ఇది అర్థమైతే రిపోర్టు సగం అర్థమైనట్టే. అక్కడ లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా కాపురం ఉంటుంది, మనం పాలు తోడేసినప్పుడు పెరుగు చేసే బాక్టీరియాకి దగ్గరి చుట్టం అన్నమాట. 1892లో డోడర్‌లైన్ అనే జర్మన్ డాక్టరు దీని గురించి రాశాడు, ఇప్పటికీ పాత పుస్తకాల్లో ఆయన పేరుతోనే పిలుస్తారు. అది లాక్టిక్ ఆమ్లం తయారు చేసి లోపలంతా పుల్లగా ఉంచుతుంది, పీహెచ్ 3.8 నుంచి 4.5 దాకా. ఆ పులుపులో బయటి క్రిములు బతకడం కష్టం. సబ్బుతోనో డెట్టాల్ నీళ్లతోనో లోపలికంటా కడిగేస్తే, అవసరం లేని యాంటీబయాటిక్ మింగితే, ఈ కాపలా పోతుంది. పెరుగు చుట్టం అన్నాను కదా అని ఎవరో చెప్పినట్టు పెరుగు తీసుకెళ్లి అక్కడ రాయొద్దు తల్లీ, ఆ కేసులు కూడా చూశాను.

ఇప్పుడు అసలు విషయం. తెల్లబట్ట అనేది జ్వరం లాంటి మాట. జ్వరం అంటే మలేరియానా, టైఫాయిడా, డెంగ్యూనా అని అడుగుతామా లేదా? అలాగే ఇందులో తరచుగా కనపడేవి మూడు. ఒకటి బాక్టీరియల్ వాజినోసిస్, పొడుగు పేరు, బీవీ అనుకుందాం, మంచి బాక్టీరియా తగ్గిపోయి గార్డ్‌నెరెల్లా లాంటివి గుంపులుగా పెరిగిపోవడం. రెండోది కాండిడా అనే ఫంగస్. మూడోది ట్రైకోమోనాస్, ఒంటి కణం పరాన్నజీవి. మూడింటికీ మందులు ఒకటి కాదు. ఫంగస్ మందు బీవీ మీద పనిచేయదు, బీవీ మందు ఫంగస్ మీద పనిచేయదు. మీ ఊరి ఆయన ఇచ్చింది బహుశా రెండూ కలిపిన కిట్టు అయి ఉంటుంది. దాన్ని తప్పు పట్టలేం, సుఖవ్యాధులు చూసే ప్రభుత్వ సురక్ష క్లినిక్కుల్లో కూడా ల్యాబు సౌకర్యం లేని చోట లక్షణాలు చూసి ఆకుపచ్చ రంగు కిట్టు ఇస్తారు, బీవీకి సెక్నిడజోల్, ఫంగస్‌కి ఫ్లూకోనజోల్ అందులోవే. ఒకసారి ఇవ్వడం సరే. తగ్గకపోతే, తగ్గి మళ్లీ వస్తే, అప్పుడైనా చూసి ఇవ్వాలి. మూడుసార్లు చూడకుండా ఇవ్వడమే నాకు నచ్చనిది.

మరి ఒంగోల్లో పరీక్ష చేయించావు కదా, అదెందుకు పనికి రాలేదు? నువ్వు రాసినదాన్ని బట్టి ఆ రిపోర్టులో ఉన్నది పస్ సెల్స్ అంటే చీము కణాలు 6-8, ఎపిథీలియల్ సెల్స్ ప్లెంటీ, కల్చర్‌లో అంటే క్రిముల్ని ప్లేటు మీద పెంచి చూస్తే ఈ.కోలై, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో ఒక పట్టిక. చూడ్డానికి బరువుగానే ఉంటుంది. కానీ ఈ.కోలై అనేది మన పేగుల్లో ఉండే బాక్టీరియా, పక్కిల్లే కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కూడా కొంతమందికి యోనిలో కనపడుతుంది. మూత్రంలో సరిపడా పెరిగితే అది జబ్బు. యోని స్వాబులో పెరిగితే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో, సాధారణంగా దానికేమీ అర్థం లేదు. ఎపిథీలియల్ సెల్స్ ప్లెంటీ అంటే లోపలి పొర కణాలు చాలా ఉన్నాయని, అవి ఉండాల్సినవే. నీకున్న నీచు వాసనకి ఆ కాగితంలో ఒక్క ముక్క సమాధానం లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే ఎవరూ అడగలేదు. బీవీని కల్చర్‌తో పట్టుకోవడం కుదరదు కూడా. గార్డ్‌నెరెల్లా పెరిగినా అది బీవీ అని చెప్పలేం, జబ్బు లేనివాళ్లలో కూడా అది ఉంటుంది. పెరిగిందా లేదా కాదు చూడాల్సింది, మంచివెన్ని, చెడ్డవెన్ని, ఎవరిది పైచేయి అనేది.

పైగా ఈ.కోలైకి వాడిన యాంటీబయాటిక్ లాక్టోబాసిల్లస్‌ని కూడా కొట్టేసి ఉంటుంది. కాపలా పోయాక ఫంగస్ పెరిగి ఈ దురద పట్టుకుని ఉండొచ్చు. చూడందే నేను చెప్పలేను, కానీ పందెం కాయమంటే నీకు పాత బీవీ అలాగే ఉంది, దాని మీద కొత్తగా కాండిడా వచ్చి కూర్చుంది అంటాను. ఒకేసారి రెండూ ఉండటం అరుదేమీ కాదు.

నొప్పి గురించి. బల్ల మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. స్పెక్యులమ్ అని బాతు ముక్కులా తెరుచుకునే పరికరం పెడతారు, అది చల్లగా ఉంటుంది, కొంచెం బిగుతుగా అనిపిస్తుంది. పిల్లల్ని కన్నదానివి, నీకది లెక్కలోది కాదు. దూది చుట్టిన పుల్లతో లోపలి గోడల మీద, గర్భసంచి మూతి వెనకాల ఉండే గుంటలో తిప్పి తీస్తారు. అరనిమిషం పని. ఊపిరి బిగపట్టకుండా నోటితో వదులుతూ ఉంటే ఇంకా సులువు. ఇప్పుడు దురదతో లోపల ఒరిసిపోయి ఉంటుంది కాబట్టి కాస్త మంట అనిపించొచ్చు, ముందే చెప్పు, నెమ్మదిగా చేస్తారు. గది తలుపు వేశారో లేదో చూసుకుని, నర్సుని పక్కన ఉండమని అడుగు. అడిగితే ఎవరూ కాదనరు.

ఆ పుల్ల మా దగ్గరికి వచ్చాక ఏం చేస్తామో చెబుతాను. నాకిష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తే ఓర్చుకో.

మొదట పీహెచ్ కాగితం. స్రావం తగిలిస్తే రంగు మారుతుంది, పక్కనున్న రంగుల పట్టీతో సరిపోల్చుకోవడమే. 4.5 దాటితే బీవీగానీ ట్రైకోమోనాస్‌గానీ అయ్యే అవకాశం. ఉత్త కాండిడా అయితే పీహెచ్ మామూలుగానే ఉంటుంది. ఇంత చవక పరీక్షని చాలాచోట్ల చేయరు, ఎందుకో నాకర్థం కాదు. ముట్టు రక్తానికి, వీర్యానికి ఆ పులుపు తగ్గించే గుణం ఉంది, అవి కలిస్తే లెక్క తప్పుతుంది. నీకు ముట్టు తర్వాత వాసన ఎక్కువవడానికి కారణం కూడా అదే. బీవీలో చెడ్డ బాక్టీరియా అమైన్లు అనే పదార్థాలు తయారు చేస్తాయి, పులుపు తగ్గగానే అవి గాల్లోకి లేస్తాయి. అందులో ఒకటి ట్రైమిథైలమైన్, చేప చెడిపోతున్నప్పుడు వచ్చే వాసన దానిదే. కొత్తపట్నం ఒడ్డున సాయంత్రం దాకా అమ్ముడుపోని చేపల గంప దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో అదన్నమాట. ల్యాబులో మేం కూడా ఇదే చేస్తాం. ఒక చుక్క స్రావం మీద పది శాతం కేఓహెచ్ అనే క్షార ద్రావణం చుక్క వేసి వాసన చూస్తాం. గుప్పున నీచు వాసన వస్తే పాజిటివ్. కొత్తగా చేరిన టెక్నీషియన్లు ముక్కు మూసుకుంటారు, వాళ్లని చూస్తే నవ్వొస్తుంది. మీకు వాసన వస్తోందని సిగ్గుపడతారు గానీ మాకది ఒక రిజల్టు, అంతే.

తర్వాత తడి స్లైడు. గాజు ముక్క మీద ఒక చుక్క సెలైన్‌లో స్రావం కలిపి, పైన పల్చటి గాజు మూత పెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తాం. మామూలు కణాలు అంచులు నీట్‌గా, అప్పడాల్లా ఉంటాయి. బీవీ ఉంటే ఆ కణాల మీద బాక్టీరియా ఎంత దట్టంగా అంటుకుని ఉంటుందంటే అంచు ఎక్కడుందో తెలియదు, సంక్రాంతికి నువ్వులద్దిన అరిసె గుర్తొస్తుంది నాకు. వాటినే క్లూ సెల్స్ అంటారు. వంద కణాలు చూస్తే అందులో ఇరవై లేదా పైగా అలాంటివి ఉంటే లెక్కలోకి వస్తుంది. పల్చటి తెల్లటి స్రావం, పీహెచ్ 4.5 దాటడం, కేఓహెచ్ వాసన, క్లూ సెల్స్, ఈ నాలుగింట్లో మూడు ఉంటే బీవీ అని చెప్పొచ్చు. 1983లో ఆమ్‌సెల్, ఆయన తోటివాళ్లు పెట్టిన లెక్క ఇది, ఇవాళ్టికీ అదే నడుస్తోంది.

ట్రైకోమోనాస్‌ని కూడా ఈ తడి స్లైడులోనే చూస్తాం. బతికి ఉంటే ఒక చోట ఆగదు, రొయ్యల గుంటలో సీడు వదిలినప్పుడు పిల్లలు ఎగిరెగిరి పడ్డట్టు కుదుపులు కుదుపులుగా కదులుతుంది. ఆ కదలికే గుర్తు. కదలడం ఆగిపోతే చీము కణానికీ దానికీ తేడా చెప్పడం కష్టం. అందుకే పది పదిహేను నిమిషాల్లో చూసేయాలి, చల్లబడనివ్వకూడదు.

ఈ మాట ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక చిన్న ఆసుపత్రి నుంచి, పేరెందుకులే, స్వాబులు మూటగట్టి మధ్యాహ్నం బస్సులో డ్రైవరు చేతికిచ్చి పంపేవాళ్లు. రెండు మూడు గంటల తర్వాత మా బల్ల మీదికి వచ్చేవి, ఎండాకాలం అయితే పుల్ల చివర ఎండిపోయి కూడా. నేను బుద్ధిగా చూసి ట్రైకోమోనాస్ కనపడలేదు అని రాసేదాన్ని. అబద్ధం కాదు, కనపడలేదు. కానీ అలాంటి ఒకామె రెండు నెలల తర్వాత స్వయంగా మా దగ్గరికే వచ్చింది, అప్పటికే రెండు కోర్సులు ఫంగస్ మందు వాడి వాడి విసిగిపోయి. అక్కడే స్వాబ్ తీసి అప్పుడే చూస్తే స్లైడు నిండా ఆడుతున్నాయి. అప్పటి నుంచి ఆలస్యంగా వచ్చిన స్వాబు మీద కనపడలేదు అని ఒట్టిగా రాయను, నమూనా ఆలస్యంగా వచ్చింది, మళ్లీ పంపండి అని రాస్తాను. వెంటనే చూసినా సరే, మైక్రోస్కోప్ అన్నిటినీ పట్టుకోలేదు, నలభై యాభై శాతం దాకా ట్రైకోమోనాస్ కేసులు జారిపోతాయి. అనుమానం బలంగా ఉంటే నాట్ అనే జన్యు పరీక్ష ఉంది, ఖర్చు ఎక్కువ, కానీ చాలా నమ్మకమైనది.

నువ్వు పొగాకు ఊళ్లోంచి నెల్లూరు పొగతోటకి పోతున్నావన్నమాట. అక్కడ వరసగా ఆసుపత్రులూ ల్యాబులే కాబట్టి నీకో సౌకర్యం ఉంది. స్వాబ్ తీసే చోటే, లేదా మెట్లు దిగితే వచ్చే ల్యాబులోనే తడి స్లైడు చూస్తారా అని అడుగు. సాయంత్రం అన్నీ కలిపి వేరే ఊరు పంపుతాం అంటే ఇంకో చోటు చూసుకో.

దురద సంగతి కేఓహెచ్ స్లైడులో తేలుతుంది. ఆ ద్రావణం కణాలన్నిటినీ కరిగించేస్తుంది, ఫంగస్ గోడ మాత్రం కరగదు. అప్పుడు మొలకెత్తిన పెసల్లా చిన్న చిన్న మొగ్గలు వేసిన ఈస్టు, చెరకు కణుపుల్లా పొడుగ్గా సాగిన పోగులు కనపడతాయి. ఒక్కటే మెలిక. ఏ బాధా లేని ఆడవాళ్లలో కూడా పది ఇరవై శాతం మందికి కాండిడా ఉంటుంది. దురద ఉండి, పోగులు కనపడితే అది జబ్బు. ఏ బాధా లేకుండా కల్చర్‌లో మాత్రమే పెరిగితే మందు అక్కర్లేదు.

కల్చర్ ఎప్పుడు పనికొస్తుందో కూడా చెప్పాలి, లేకపోతే అది దండగ అనుకుంటావు. కాండిడా ఏడాదిలో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ వస్తుంటే ఏ రకం కాండిడానో తెలియాలి. ఎక్కువగా ఉండేది ఆల్బికాన్స్, మామూలు మాత్రకి లొంగుతుంది. గ్లాబ్రాటా అనే ఇంకో రకం ఫ్లూకోనజోల్‌కి సరిగ్గా లొంగదు. ప్లేటు మీద పెరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అది తేలే దాకా ఆగమని డాక్టరమ్మ అంటే ఆగు. నువ్వు షుగరు పరీక్ష గురించి ఏమీ రాయలేదు. మాటిమాటికీ ఫంగస్ వచ్చేవాళ్లలో నేను మొదట అడిగేది అదే, 34 ఏళ్లకి షుగరేంది అనుకోవద్దు. షుగరు కూడా ఒకసారి చూపించుకో. ఇంట్లో ఎవరైనా షుగరుకి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడుతుంటే, దానివల్ల మూత్రంలో చక్కెర పోయి ఈ ఫంగస్ రావడం బాగా చూస్తున్నాం, వాళ్లకి కూడా చెప్పు.

చివరగా గ్రామ్ స్టెయిన్. స్లైడు మీద పూసి, ఆరబెట్టి, ఊదా ఎరుపు రంగులు వేసి వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తాం. పెద్ద ఊదారంగు కర్రల్లాంటివి లాక్టోబాసిల్లస్, చిన్నవి గార్డ్‌నెరెల్లా రకం, వంకర తిరిగినవి మోబిలుంకస్. ఒక్కోటి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి సున్నా నుంచి 10 దాకా మార్కులేస్తాం, నూజెంట్ స్కోరు అంటారు, 1991 నుంచి ఉంది. ఇందులో మార్కులు ఎక్కువొస్తే మంచిది కాదు, 3 దాకా మామూలు, 4 నుంచి 6 మధ్యరకం, 7 నుంచి 10 దాకా వస్తే బీవీ. తడి స్లైడుకున్న హడావిడి దీనికి లేదు, ఆరిన స్లైడు చెడిపోదు, ఒంగోలు నుంచి నెల్లూరు పంపినా పరవాలేదు. డాక్టరమ్మ చీటీలో కల్చర్ ఒక్కటే రాసి ఉంటే తడి స్లైడు, కేఓహెచ్, గ్రామ్ స్టెయిన్ కూడా రాయమని మర్యాదగా అడుగు. అడిగావని ఏమీ అనుకోదు, మంచి డాక్టరైతే సంతోషిస్తుంది.

పరీక్షకి పోయే ముందు రెండు రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండండి. లోపల పెట్టుకునే మాత్రలు, క్రీములు రెండు మూడు రోజుల ముందే ఆపేయి, లేకపోతే మాకు ఫంగస్ బదులు క్రీమే కనపడుతుంది. ముట్టు రోజుల్లో వద్దు, అయిపోయాక ఒకట్రెండు రోజులు ఆగు. ఆ పొద్దున బయట మామూలు నీళ్లతో కడుక్కో, లోపల కడగొద్దు, సబ్బు వద్దు. వాసన వస్తుందేమోనని బాగా శుభ్రం చేసుకుని, పౌడరు కూడా చల్లుకుని వచ్చేవాళ్లుంటారు, మాకు కావాల్సిందంతా బాత్రూములో వదిలేసి వచ్చినట్టు. ఆ ఐదు రోజుల యాంటీబయాటిక్ పేరేంటో పాత చీటీ తీసుకెళ్లు, ఒంగోలు రిపోర్టు కూడా.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఇది రిపోర్టును బట్టి మారుతుంది, ముందే గొడవ పెట్టుకోవద్దు. కాండిడా అయితే ఎవరి మీదా అనుమానం అక్కర్లేదు, అది నీ ఒంట్లోనే ఉండేది పెరిగింది. ఆయనకి కూడా దురద, ఎర్రదనం ఉంటేనే మందు. బీవీ కూడా ఒకరి నుంచి వచ్చిందని వేలు చూపించే జబ్బు కాదు. అయితే ఈమధ్యే ఒక కొత్త సంగతి తేలింది. ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం ఒకటి 2025లో వచ్చింది, బీవీ ఉన్న భార్యతో పాటు భర్తకి కూడా వారం పాటు మాత్ర, పైపూత ఇస్తే, పన్నెండు వారాల్లో మళ్లీ రావడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. నీలాగా మాటిమాటికీ వచ్చేవాళ్లకి ఇది పనికొచ్చే మాట, డాక్టరమ్మని అడుగు. ఆయనతో చెప్పేటప్పుడు నీ వల్ల వచ్చింది అనకుండా ఇద్దరం వాడితేనే తిరగబెట్టదంట అని చెప్పు. అది నిజం కూడా.

ట్రైకోమోనాస్ అని తేలితే మాత్రం వేరే. అది కలయిక వల్లే వస్తుంది, ఇద్దరూ ఒకేసారి మందు వాడి తీరాలి, లేకపోతే నీకు తగ్గాక ఆయన దగ్గర్నుంచి మళ్లీ నీకే. కానీ అది ఒంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఏ గుర్తూ లేకుండా ఉండగలదు, మగవాళ్లలో చాలామందికి అసలు తెలియనే తెలియదు. కాబట్టి ఎవరు, ఎప్పుడు అని ఆ కాగితం చెప్పలేదు. ఎవరైనా ఆ కాగితం పట్టుకుని నిన్ను నిలదీస్తే ఈ మాటే చెప్పు. నీకు చెప్పడం కష్టమైతే ఆయన్ని క్లినిక్‌కి తీసుకెళ్లు, డాక్టరు చేతే చెప్పించు. ఒంగోలు, నెల్లూరు పెద్దాసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది, అక్కడ కౌన్సెలర్ పని అదే, డబ్బు తీసుకోరు, ఇంకెవరికీ చెప్పరు. ట్రైకోమోనాస్ ఉంటే హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్త పరీక్షలు కూడా చేస్తామంటారు, కంగారు పడకుండా చేయించుకో, అది అందరికీ చేసేదే.

గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులు ఇంకో రెండున్నాయి. ఇవి గర్భసంచి మూతి దగ్గర ఉంటాయి, ఈ మామూలు స్వాబులో క్లమీడియా కనపడదు. పొత్తికడుపులో నొప్పి, జ్వరం, కలిసినప్పుడు లోపల నొప్పి, మధ్యలో రక్తం మరకలు, ఇవేవైనా ఉంటే స్వాబ్ రిపోర్టు కోసం కూర్చోవద్దు, అదే రోజు డాక్టరుకి చూపించుకో. నువ్వు అలాంటివేమీ రాయలేదు కాబట్టి పొడిగించను.

దురద మరీ ఆగకపోతే అపాయింట్‌మెంట్ ముందుకి జరపమని ఫోన్ చేయి, దుకాణంలో దొరికిన ట్యూబు రాసుకుని పరీక్షకి మాత్రం పోకు. అప్పటిదాకా కాటన్ లోదుస్తులు వేసుకో, గ్రేడింగులో చెమటకి తడిసినవి ఇంటికొచ్చి మార్చుకో, గోళ్లు కత్తిరించుకో.

రిపోర్టు వచ్చాక మళ్లీ రాయి. అందులో తడి స్లైడు దగ్గర ఏం రాశారు, ఈస్టు దగ్గర ఏం రాశారు, గ్రామ్ స్టెయిన్ దగ్గర ఏం రాశారు, ఈ మూడు లైన్లు చాలు. ఫోటో తీసి పంపేట్టయితే పైన నీ పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉన్న చోట వేలు అడ్డం పెట్టి తియ్యి.